చిన్న పిల్లలతో కరీబియన్ క్రూజ్: ఏ స్టాపులైతే తేలిక?

బుజ్జిగాడి_అమ్మ
జనవరి చివర్లో ఏడు రాత్రుల క్రూజ్‌కి వెళ్దామనుకుంటున్నాం. పాపకి నాలుగేళ్లు, బాబుకి పద్నాలుగు నెలలు. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. ఉండేది డల్లాస్‌లో.

రెండు రూట్లు చూశాం. ఒకటి గాల్వెస్టన్ నుంచి: రొయటాన్ (హోండురాస్), కోస్టా మాయా, కోజుమెల్ (రెండూ మెక్సికో). రెండోది మయామి నుంచి: కోకోకే (బహామాస్‌లో రాయల్ కరీబియన్ అనే క్రూజ్ కంపెనీ సొంత దీవి), సెయింట్ థామస్, సెయింట్ మార్టెన్. వెబ్‌సైట్లలో అన్ని ఊళ్లూ ఒక్కలాగే కనిపిస్తున్నాయి, నీలం నీళ్లు, తెల్ల ఇసుక, నవ్వుతున్న జంట. షిప్ దిగాక ఎంత నడవాలి, నీడ ఉంటుందా, బాత్రూమ్ ఎక్కడ, స్ట్రాలర్ పోతుందా అనేది ఎవరూ రాయడం లేదు. మా ఆయన "ఎక్కడైనా బీచే కదా, ఏదో ఒకటి బుక్ చేసేద్దాం" అంటున్నారు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. పిల్లలతో వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

ఫ్లోరిడా_గోదారోడు
ఊరి పేరు కాదు, షిప్ ఎలా ఆగుతుందో ముందు చూడండి. పీయర్‌కి, అంటే రేవు గట్టుకి ఆనుకుని ఆగితే షిప్ దిగి నేరుగా నడిచి వెళ్లిపోవచ్చు. "టెండర్" అని రాసి ఉంటే షిప్ సముద్రంలోనే లంగరు వేస్తుంది, చిన్న పడవలోకి దిగి ఒడ్డుకి వెళ్లాలి. మీరు చెప్పిన రెండు రూట్లలోనూ మామూలుగా అన్నీ పీయర్లే. అది చాలా మంచి విషయం.

ఆవకాయ_అట్లాంటా
పైన చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. గ్రాండ్ కేమన్‌లో మేం పడవ దిగాం. స్ట్రాలర్ మడిచి ఒకరు పట్టుకోవాలి, పిల్లని ఒకరు ఎత్తుకోవాలి, అలకి పడవ పైకీ కిందకీ ఊగుతుంటే సిబ్బంది చెయ్యి పట్టుకుని లోపలికి లాగుతారు. వాళ్లు చాలా జాగ్రత్తగా చేస్తారు, కాదనను. కానీ తిరిగి వచ్చేటప్పుడు ఎండలో క్యూ, చంకలో నిద్రపోతున్న పిల్ల... మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడకి అస్సలు వద్దు.

కాకినాడ_కాజా
కేమన్‌లో ఇప్పట్లో పీయర్ రాదు కూడా. 2025 ఏప్రిల్‌లో ఎన్నికలతో పాటు రెఫరెండం పెడితే జనం వద్దన్నారు. బెలీజ్ కూడా టెండరే, పైగా అక్కడ నీళ్లు లోతు తక్కువని షిప్ చాలా దూరంలో ఆగుతుంది. పడవలోనే ఇరవై నిమిషాల దాకా కూర్చోవాలి.

ట్విన్స్_నాన్న
ఏ ఊరనే తేడా లేకుండా నేను చూసేది ఒక్కటే. పిల్లాడు ఏడుపు మొదలుపెట్టిన నిమిషం నుంచి మా రూమ్‌లో మంచం మీద పడుకోబెట్టే దాకా ఎంతసేపు పడుతుంది? పావుగంటలో అయిపోతే అది మంచి స్టాప్. గంట పడితే ఎంత అందమైన బీచ్ అయినా మాకు వద్దు. మా కవలలు రెండేళ్లప్పుడు గ్రాండ్ టర్క్ వెళ్లాం. పీయర్ దిగి ఎడమకి తిరిగితే అక్కడే ఇసుక. పక్కనే పెద్ద పూల్, డబ్బు కట్టక్కర్లేదు. ఒకడు నిద్రకి పడితే నేను తీసుకొచ్చేశా, రెండోవాడు వాళ్లమ్మతో ఆడుకున్నాడు. షిప్ బాల్కనీ నుంచి వాళ్లని చూస్తూ కూర్చున్నా, అంత దగ్గర.

ఫ్లోరిడా_గోదారోడు
గ్రాండ్ టర్క్ బాగుంటుంది కానీ గాలి ఎక్కువైతే షిప్ ఆగదు, వదిలేసి వెళ్లిపోతుంది. ఆ పూల్ దగ్గర పాటల మోత కూడా ఎక్కువే. నిద్ర తేలికగా పోయే పిల్లలైతే పూల్‌కి దూరంగా బీచ్ చివరికి వెళ్లాలి.

సముద్రం_పిచ్చి
నాది వేరే మాట. అందరూ పీయర్ పక్కన పూల్, ప్రైవేట్ దీవి అంటున్నారు. అంత డబ్బు పెట్టి కరీబియన్ వెళ్లి, కంపెనీ వాళ్లు కట్టిన వాటర్ పార్క్‌లో కూర్చుని రావడం ఎందుకు? డల్లాస్‌లో వాటర్ పార్కులు లేవా? పిల్లలకి ఊరు చూపించండి. ప్యూర్టో రికోలోని శాన్ హువాన్‌లో షిప్ దిగితే పాత ఊరు ఎదురుగానే ఉంటుంది. ఎల్ మోరో కోట ముందు పెద్ద పచ్చిక బయలు, పిల్లలు గాలిపటాలు ఎగరేస్తుంటారు. మా వాడు మూడేళ్లప్పుడు అక్కడ పరిగెత్తింది ఇప్పటికీ గుర్తు చేస్తాడు.

ఆవకాయ_అట్లాంటా
@సముద్రం_పిచ్చి ఆ పాత ఊళ్లో నీలం రాళ్ల వీధులు, ఎత్తుపల్లాలు. స్ట్రాలర్ చక్రాలు గడగడలాడిపోతాయి. ఎత్తుకుని తిరగ్గలిగితే సరే.

సముద్రం_పిచ్చి
స్ట్రాలర్ షిప్‌లో పెట్టి పిల్లాణ్ణి బేబీ క్యారియర్‌లో వేసుకున్నాం. కురసావ్ దీవి అయితే ఇంకా తేలిక. అక్కడి విలెమ్‌స్టాడ్ ఊళ్లో 1888 నాటి తేలే వంతెన ఉంది, ఓడ వస్తే వంతెన మొత్తం పక్కకి జరిగి దారిస్తుంది. ఒక్కోసారి మనం దాని మీద ఉండగానే కదులుతుంది. నాలుగేళ్ల పిల్లకి దాన్ని మించిన ఆట ఏముంటుంది చెప్పండి?

ట్విన్స్_నాన్న
నాలుగేళ్ల పిల్లకి సరే, పద్నాలుగు నెలల వాడికి? వాడికి ఇసుక, నీళ్లు, వేళకి అన్నం. అంతే.

మిషిగన్_మల్లి
ఇద్దరూ సగం సగం చెబుతున్నారు. అమ్మానాన్నలకి, బామ్మకి చూడాలని ఉండదా? మేం ఏం చేశామంటే, ఒక స్టాప్ పిల్లలది, ఒక స్టాప్ పెద్దలది, ఒక స్టాప్‌లో దిగకుండా షిప్‌లోనే ఉండిపోవడం. ఆ మూడోదే అందరికీ బాగా నచ్చింది. జనం దిగిపోయాక షిప్ ఖాళీ, స్లైడ్ దగ్గర క్యూ లేదు, భోజనాల దగ్గర రద్దీ లేదు.

బుజ్జిగాడి_అమ్మ
@మిషిగన్_మల్లి షిప్‌లో ఉండిపోవడం మాకు తట్టనే లేదు! కానీ బాబు ఇంకా డైపర్లలోనే ఉన్నాడు. పూల్‌లోకి రానివ్వరంటున్నారు, నిజమేనా?

నర్సమ్మ_హ్యూస్టన్
నిజమే. అమెరికా నుంచి బయల్దేరే షిప్‌లలో టాయిలెట్ అలవాటు కాని పిల్లల్ని మామూలు పూల్స్‌లోకి, హాట్ టబ్‌లలోకి అనుమతించరు, స్విమ్ డైపర్ వేసినా సరే. పారిశుద్ధ్య నియమాలు అలా ఉన్నాయి. కొన్ని షిప్‌లలో డైపర్ పిల్లల కోసమే విడిగా నీళ్లు చిమ్మే చోటు ఉంటుంది. ఉందో లేదో ఆ షిప్ పేరుతో అడిగి తెలుసుకోండి, ఒకే కంపెనీలో కూడా షిప్‌కీ షిప్‌కీ తేడా ఉంటుంది.

కిడ్స్ క్లబ్ కూడా అంతే. చాలా చోట్ల మూడేళ్లు నిండి డైపర్ మానేసి ఉండాలి. కార్నివాల్ కంపెనీ షిప్‌లలో రెండేళ్ల నుంచి తీసుకుంటారు. మీ పాప వెళ్లగలదు, బాబుకి నర్సరీ ఉన్న షిప్ కావాలి, దానికి గంటల లెక్కన విడిగా డబ్బు.

కాకినాడ_కాజా
అందుకే డైపర్ పిల్లలున్నవాళ్లకి స్టాపుల్లో బీచ్ ముఖ్యం. షిప్‌లో నీళ్లలో దిగడానికి లేదు కాబట్టి సముద్రమే వాడి పూల్. అల లేని బీచ్ వెతుక్కోవాలి.

ఫ్లోరిడా_గోదారోడు
అల లేని బీచ్ కనుక్కోవడానికి ఒక గుర్తు చెప్తా. ఆ ప్రాంతంలో గాలి ఎక్కువగా తూర్పు నుంచే వీస్తుంది. అందుకని దీవికి తూర్పు వైపు అలలు పెద్దవి, పడమర వైపు నీళ్లు చెరువులా నిలకడగా ఉంటాయి. కోజుమెల్‌లో ఓడలు ఆగేది, బీచ్ క్లబ్బులు ఉండేది పడమర వైపే. తూర్పు వైపు ఫోటోలకి బాగుంటుంది, పిల్లల్ని మాత్రం నీళ్లలోకి దింపకూడదు, లాగేస్తుంది.

డెన్వర్_చిట్టి
కోజుమెల్‌లో ఏ బీచ్ క్లబ్ మంచిది? మేం కూడా వెళ్తున్నాం, పిల్లకి మూడేళ్లు.

ఆవకాయ_అట్లాంటా
చంకనాబ్ పార్క్ చేపలు చూడటానికి బాగుంటుంది, కానీ అక్కడ ఒడ్డు చాలావరకు రాయి. నడక రాని పిల్లలకి ఇసుక ఉన్న చోటు కావాలంటే ఇంకా దక్షిణాన ఉన్న క్లబ్బులు చూడండి. మిస్టర్ సాంచోస్ లాంటివి ముందే రిజర్వ్ చేసుకోవాలి. భోజనం, కుర్చీ, నీడ, బాత్రూమ్ అన్నీ ఒకే టికెట్‌లో వచ్చేస్తాయి. టాక్సీలో కార్ సీట్ ఉండదు, అది గుర్తుంచుకోండి.

నర్సమ్మ_హ్యూస్టన్
కార్ సీట్ మాట ఎత్తారు కాబట్టి: సెయింట్ థామస్‌లో టాక్సీ అంటే చాలావరకు పక్కలు తెరిచి ఉండే సఫారీ బండి, వరసగా బెంచీలు. కొండ రోడ్డు, మలుపులు, ఎడమ వైపు డ్రైవింగ్. మేగన్స్ బే చాలా అందమైన చోటు, నీళ్లు కూడా నిలకడగా ఉంటాయి. కానీ అక్కడికి ఆ బండిలోనే వెళ్లాలి. ఒళ్లో పద్నాలుగు నెలల పిల్లాడితో నేను ఎక్కను. భయపెట్టడానికి చెప్పడం లేదు, ఎమర్జెన్సీలో పనిచేస్తాను కాబట్టి చెప్తున్నా.

సముద్రం_పిచ్చి
సెయింట్ మార్టెన్‌లో ఆ బాధ లేదు. పీయర్ దగ్గరే వాటర్ టాక్సీ ఎక్కితే కొద్ది నిమిషాల్లో ఫిలిప్స్‌బర్గ్ బీచ్. ఒడ్డు పొడవునా నడక దారి, హోటళ్లు, గొడుగులు. స్ట్రాలర్ హాయిగా పోతుంది. విమానాలు నెత్తి మీద నుంచి దిగే మాహో బీచ్‌కి కూడా వెళ్లొచ్చు, పిల్లలు కేరింతలు కొడతారు.

నర్సమ్మ_హ్యూస్టన్
మాహో వెళ్తే దూరంగా నిలబడి చూడండి. రన్‌వే కంచె దగ్గరికి వద్దు. 2017 జులైలో అక్కడ జెట్ ఇంజన్ గాలికి పడిపోయి ఒక టూరిస్ట్ చనిపోయింది. పెద్దవాళ్లే ఎగిరిపడతారు, ఇసుక కళ్లల్లో కొడుతుంది. చిన్న పిల్లలు అక్కడ ఉండకూడదు.

సముద్రం_పిచ్చి
ఒప్పుకుంటున్నా. హోటల్ వైపు కూర్చుని చూడొచ్చు, కంచె దగ్గరికి వెళ్లక్కర్లేదు.

ట్విన్స్_నాన్న
కోకోకే గురించి ఎవరూ రాయలేదు. 2019 నుంచి అక్కడ పీయర్ ఉంది, అంతకుముందు టెండర్. పీయర్ నుంచి ట్రామ్ వస్తుంది, అత్తగారికి ఇబ్బంది లేదు. పెద్ద పూల్, పిల్లల నీళ్ల ఆటల చోటు, బీచ్ కుర్చీలు, భోజనం అన్నీ టికెట్‌లోనే. ఎత్తైన స్లైడ్లున్న వాటర్ పార్క్‌కే విడిగా డబ్బు, అది మీ వయసు పిల్లలకి అవసరం లేదు. లైఫ్ జాకెట్లు అక్కడే ఇస్తారు.

కాకినాడ_కాజా
కానీ జనవరి చివర అన్నారు. ఆ నెలలో బహామాస్ నీళ్లు చల్లగా ఉంటాయి, ఉత్తరం నుంచి చలిగాలి దిగిందంటే స్వెట్టర్ వేసుకుని బీచ్‌లో కూర్చోవాలి. గాలి ఎక్కువైతే కోకోకేలో షిప్ ఆగదు కూడా. అదే ఏప్రిల్ అయితే నేనూ కోకోకే అనేవాణ్ణి. జనవరిలో ఎంత దక్షిణానికి వెళ్తే అంత మంచిది.

మిషిగన్_మల్లి
మంచులో ఉండేవాళ్లకి అది కూడా ఎండాకాలమే అండీ 😄 మా పిల్లలు జనవరిలో దిగి గంటసేపు బయటికి రాలేదు.

నెల్లూరు_చేపలపులుసు
కొంచెం పక్కదారి. మా హెచ్1బి వీసా స్టాంప్ గడువు అయిపోయింది, 797 (అప్రూవల్ కాగితం) మాత్రం ఉంది. మెక్సికో, కెనడాకి 30 రోజుల లోపు వెళ్లొస్తే ఆటోమేటిక్ రీవాలిడేషన్ (గడువు అయిపోయిన వీసాతోనే తిరిగి రానిచ్చే వెసులుబాటు) ఉంటుంది కదా, క్రూజ్‌కి కూడా పనికొస్తుందా?

కాగితాల_కామేశం
జాగ్రత్త. హెచ్1బి, హెచ్4 (వాళ్ల భార్య/భర్త, పిల్లల వీసా) వాళ్లకి ఆ వెసులుబాటు కెనడా, మెక్సికోలకే. పక్కనున్న దీవులకి వర్తించేది ఎఫ్, జె (విద్యార్థి, ఎక్స్ఛేంజ్) వీసాల వాళ్లకి మాత్రమే. కాబట్టి బహామాస్, సెయింట్ మార్టెన్, రొయటాన్, ఇవేవీ మీకు కుదరవు. రొయటాన్ హోండురాస్‌లో ఉంది, అదీ మెక్సికో కాదు. మెక్సికో ఒక్కటే ఉన్న క్రూజ్ అయినా, ఇండియన్ పాస్‌పోర్ట్‌తో వీసా లేకుండా రానివ్వాలంటే వాళ్లు చెల్లుబాటయ్యే అమెరికా వీసా చూస్తారు. ముందు లాయర్‌ని, క్రూజ్ కంపెనీని రెండింటినీ అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. ఫోన్లో చెప్పింది రేవులో చెల్లదు.

@బుజ్జిగాడి_అమ్మ మీ స్టాంపులు, అత్తగారి వీసా చెల్లుబాటులో ఉన్నాయి కదా? ఆవిడ విజిటర్ వీసా మల్టిపుల్ ఎంట్రీ అయి ఉండాలి. ఇంకొకటి, వారం క్రూజ్‌కి వెళ్లొస్తే ఆవిడకి కొత్తగా ఆరు నెలలు ఇస్తారని లెక్క వేసుకోకండి. మామూలుగా పాత ఐ-94 (ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) తేదీయే కొనసాగుతుంది.

బుజ్జిగాడి_అమ్మ
మా స్టాంపులు ఉన్నాయండీ. అత్తయ్యగారిది పదేళ్ల మల్టిపుల్. ఏప్రిల్‌లో ఎలాగూ తిరిగి వెళ్తారు. పిల్లలు ఇక్కడే పుట్టారు. వాళ్లకి బర్త్ సర్టిఫికెట్ చాలంటున్నారు?

కాగితాల_కామేశం
బయల్దేరిన రేవుకే తిరిగి వచ్చే క్రూజ్ అయితే పదహారేళ్ల లోపు అమెరికా పౌరులకి బర్త్ సర్టిఫికెట్‌తో పని జరుగుతుంది. అయినా పాస్‌పోర్ట్ చేయించండి. మధ్యలో ఎవరికైనా ఒంట్లో బాగోక విమానంలో రావాల్సి వస్తే పాస్‌పోర్ట్ లేని పిల్లతో ఇరుక్కుపోతారు.

ఫ్లోరిడా_గోదారోడు
ఇక గాల్వెస్టన్ రూట్ సంగతి. రొయటాన్‌లో ఓడలు ఆగే చోట్లు రెండు ఉన్నాయి, ఇది చాలామంది చూసుకోరు. మహాగని బేలో (కొత్త పేరు ఇస్లా ట్రోపికాలే) ఆగితే పీయర్ పక్కనే బీచ్, నడిచి వెళ్లొచ్చు, లేదా రోప్‌వే కుర్చీల్లో వెళ్లొచ్చు. కాక్సెన్ హోల్‌లో ఆగితే మంచి బీచ్‌కి బండి మాట్లాడుకుని వెస్ట్ బే దాకా పోవాలి. ఊరి పేరు ఒకటే, పిల్లలతో రోజు మాత్రం పూర్తిగా వేరు. కార్నివాల్ ఓడలు మహాగని బేకి వెళ్తాయి. రాయల్ కరీబియన్‌వి కాక్సెన్ హోల్‌కి.

కాకినాడ_కాజా
ప్యూర్టో ప్లాటా కూడా అంతే, యాంబర్ కోవ్ వేరు, టైనో బే వేరు. అయితే అక్కడ రెండింటిలోనూ దిగగానే పూల్ ఉంటుంది కాబట్టి గొడవ లేదు.

ఆవకాయ_అట్లాంటా
కోస్టా మాయాలో పీయర్ పొడవు, ఎండ. చివర పూల్, దుకాణాలు ఉన్నాయి. బీచ్ కోసం మహాహువాల్ ఊళ్లోకి వెళ్లాలి. సీజన్‌లో అక్కడ సర్గాసమ్ నాచు గుట్టలుగా కొట్టుకొస్తుంది, వాసన. జనవరిలో తక్కువే గానీ, మల్లిగారు చెప్పిన "షిప్‌లో ఉండిపోయే రోజు" కావాలంటే నేను దీన్నే ఎంచుకుంటా.

డెన్వర్_చిట్టి
ప్రొగ్రెసో? మా రూట్‌లో అది ఉంది.

ఆవకాయ_అట్లాంటా
అక్కడ పీయర్ ఆరు కిలోమీటర్లకి పైనే! భయపడకండి, ఫ్రీ బస్సులో ఊళ్లోకి దింపుతారు. దిగిన చోటికి దగ్గర్లోనే బీచ్.

సముద్రం_పిచ్చి
సరే, అందరూ గాల్వెస్టన్ వైపే ఉన్నారు. కానీ ఆ రూట్‌లో మొదటి రెండు రోజులు సముద్రంలోనే. జనవరిలో గల్ఫ్ ఒక్కోసారి బాగా ఊపుతుంది. పొగమంచు కమ్మితే గాల్వెస్టన్ రేవు మూసేస్తారు, బయల్దేరడం, తిరిగి రావడం ఆలస్యం. అది కూడా చెప్పాలి కదా.

ట్విన్స్_నాన్న
న్యాయమైన మాట. తిరిగొచ్చిన రోజునే ఆఫీస్ మీటింగ్ పెట్టుకోకండి. కానీ డల్లాస్ నుంచి సొంత కారులో ఐదు గంటల్లో రేవులో ఉంటారు. డైపర్ల పెట్టె, సెరెలాక్, బియ్యపు రవ్వ, అత్తగారి మందులు అన్నీ డిక్కీలో. నలుగురికి మయామి ఫ్లైట్ టికెట్లు, ముందు రోజు హోటల్, మళ్లీ వెనక్కి... అక్కడే సగం అలసిపోతారు.

మిషిగన్_మల్లి
తిండి గురించి: ఇంట్లో వండినవి షిప్‌లోకి రానివ్వరు, సీల్ తీయని ప్యాకెట్లు, పిల్లల ఆహారం పర్వాలేదు. మొదటి రాత్రే డైనింగ్‌లో హెడ్ వెయిటర్‌కి చెప్పండి, మరుసటి రోజు నుంచి పప్పు, అన్నం, ఏదో ఒక కూర చేయించి పెడతారు. వంటవాళ్లలో మనవాళ్లు చాలామంది ఉంటారు. మా అమ్మకి పెరుగన్నం అడిగితే పోపు పెట్టి మరీ తెచ్చారు, ఆ అబ్బాయిది విజయనగరం!

నెల్లూరు_చేపలపులుసు
@కాగితాల_కామేశం థాంక్స్. స్టాంపింగ్ అయ్యాకే ఆలోచిస్తాం.

నర్సమ్మ_హ్యూస్టన్
రెండు జాగ్రత్తలు. ఒకటి, సన్‌స్క్రీన్ జింక్ ఆక్సైడ్ ఉన్నది కొనండి. వర్జిన్ ఐలాండ్స్, అరూబా పగడపు దిబ్బల కోసం ఆక్సీబెంజోన్ ఉన్నవాటిని నిషేధించాయి, మీరు అటు వెళ్లకపోయినా పిల్లల చర్మానికి జింకే మంచిది. రెండోది, బీచ్‌లో చెట్టు మొదలు మీద ఎర్ర పట్టీ ఉంటే దాని నీడలో కూర్చోకండి. అది మాంచినీల్ చెట్టు. కాయ చిన్న పచ్చ ఆపిల్‌లా ఉంటుంది, విషం. పాలు తగిలితే చర్మం కాలుతుంది. వానప్పుడు దాని కింద నిలబడినా బొబ్బలే. పాపకి నేల మీద పడ్డ కాయలేవీ తీయొద్దని ముందే నేర్పండి.

బుజ్జిగాడి_అమ్మ
ఇదంతా మా ఆయనకి చదివి వినిపించాను. గాల్వెస్టన్‌కే వెళ్తున్నాం, మహాగని బేలో ఆగే షిప్ చూసి. రొయటాన్ పిల్లలది. కోస్టా మాయాలో దిగం. కోజుమెల్‌లో అందరం బీచ్ క్లబ్. అత్తయ్యగారిని అడిగితే "సముద్రంలో కాళ్లు పెట్టుకుని కూర్చోడానికి ఒక కుర్చీ ఉంటే నాకు చాలు" అన్నారు. బాల్కనీ రూమ్ తీసుకోవాలా, లోపలి రూమ్ చాలా?

ట్విన్స్_నాన్న
బాల్కనీ. పిల్లాడు మధ్యాహ్నం రెండు గంటలు పడుకుంటే మీరు చీకట్లో గోడ చూస్తూ కూర్చోవాలా? డబ్బు ఎక్కడైనా తగ్గించుకోండి, అక్కడ వద్దు. తలుపు పై గొళ్లెం మాత్రం ఎప్పుడూ వేసి ఉంచండి, కుర్చీలు రెయిలింగ్‌కి దూరంగా.

ఫ్లోరిడా_గోదారోడు
టైమ్ సంగతి మర్చిపోకండి. కోజుమెల్ గడియారం జనవరిలో టెక్సాస్ కంటే గంట ముందుంటుంది. ఫోన్ దానంతటదే మారిపోతుంది. షిప్ టైమ్ ఏదో ఉదయం దిగేటప్పుడు బోర్డు మీద చూసి, చేతి గడియారం దానికే పెట్టుకోండి.

డెన్వర్_చిట్టి
రొయటాన్‌లో ఇసుక ఈగలు కుడతాయని ఎక్కడో చదివాను. నిజమా?

ఆవకాయ_అట్లాంటా
నిజమే, కంటికి కనిపించవు గానీ దద్దుర్లు వారం రోజులుంటాయి. అక్కడివాళ్లు ఒంటికి నూనె రాసుకుంటారు, ఈగ నూనెకి అంటుకుపోయి కుట్టలేదంటారు. కొబ్బరి నూనె సీసా మన ఇళ్లలో ఎలాగూ ఉండేదే.

బుజ్జిగాడి_అమ్మ
సన్‌స్క్రీన్ మీద రాయాలా, కింద రాయాలా?

నర్సమ్మ_హ్యూస్టన్
రెండూ ఒకేచోట కలపకండి. చేతులకి, వీపుకి పొడుగు చేతుల ఈత చొక్కా వేసేయండి. ముఖానికి సన్‌స్క్రీన్. మోకాళ్ల కింద నుంచి పాదాల దాకా నూనె రాసి, ఆ కాళ్లని గొడుగు నీడలో ఉంచండి. ఈగలు ఎక్కువగా కుట్టేది అక్కడే.